అడవి దారిలో సైకిల్: ఖమ్మం - భద్రాచలం సరిహద్దులో వస్త్రధారణ, చైన్ కవరు ఎంపిక - చారిత్రక పరిశీలన

సంక్షిప్తత

సైకిల్ తొక్కే మనిషి కట్టుకున్న బట్ట చైనులో పడకుండా అడ్డుకునే రేకును తెలుగు ప్రాంతాల్లో చైన్ కవరు అంటారు. యంత్రంలో అది చిన్న భాగం. దాన్ని ఉంచుకోవాలా, తీసేయాలా, ఎలాంటిది బిగించుకోవాలా అన్న నిర్ణయంలో మాత్రం వస్త్రధారణ, దారి, బతుకుతెరువు, స్త్రీపురుష భేదం కలిసి పనిచేశాయి. 19వ శతాబ్దం చివర ఇంగ్లండులో రూపొందిన ఈ రక్షణ భారతీయ సైకిల్ కర్మాగారాల ద్వారా ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు వంటి ప్రాంతాలకు చేరినప్పుడు ఎదురైన పరిస్థితులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పురుషులు తమ బట్టను యంత్రానికి అనువుగా సర్దుకున్నారనీ, ఆ వెసులుబాటు లేని స్త్రీల విషయంలో యంత్రమే మారవలసి వచ్చిందనీ, పట్టణపు దారికి తగిన కవరు అడవి దారికి అలాగే తగదనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సైకిల్, చైన్ కవరు, వస్త్రధారణ, ఖమ్మం, భద్రాచలం, ఏజెన్సీ ప్రాంతం, బాలికా విద్య, సాంకేతిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

రైలు, ఆనకట్ట, గని వంటి పెద్ద నిర్మాణాల చరిత్ర విస్తారంగా రాయబడింది. సామాన్యుడి చేతికి అందిన చిన్న యంత్రాల చరిత్ర ఆలస్యంగా మొదలైంది. డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో వెలువరించిన ‘ఎవ్రీడే టెక్నాలజీ’ గ్రంథంలో సైకిల్, కుట్టుమిషను, టైపురైటరు, బియ్యపు మిల్లులను తీసుకొని, ఆధునికత భారతీయుల దైనందిన జీవితంలోకి ఎలా ప్రవేశించిందో చర్చించారు. అంతకు ముందు 1995లో వీబె బైకర్ సైకిల్ పరిణామాన్ని మరో కోణంలో వివరించారు. ఎత్తయిన ముందుచక్రం ఉన్న పాత సైకిల్ సాహసవంతులైన యువకులకు పౌరుష చిహ్నంగా కనిపించింది. స్త్రీలకు, వయసు మళ్లినవారికి అదే ప్రమాదకరమైన యంత్రంగా కనిపించింది. ఒకే వస్తువుకు వేర్వేరు వర్గాలు వేర్వేరు అర్థాలు ఇస్తాయి. ఆ అర్థాల మధ్య ఘర్షణ నుంచే వస్తువు రూపం స్థిరపడుతుంది అన్నది ఆయన సిద్ధాంతం.

ఈ సిద్ధాంతాన్ని సైకిల్ మొత్తానికే కాక దాని ఒక్కొక్క భాగానికీ అన్వయించవచ్చు. చైన్ కవరు అందుకు తగిన ఉదాహరణ. చక్రం లేకపోతే సైకిల్ లేదు, చైను లేకపోతే సైకిల్ కదలదు. కవరు లేకపోయినా సైకిల్ నడుస్తుంది. కనుక అది ఉండటం, లేకపోవటం అన్నది సాంకేతిక అవసరం కన్నా తొక్కేవారి అవసరాన్ని బట్టి తేలుతుంది. ఎవరి అవసరం లెక్కలోకి వచ్చింది, ఎవరిది రాలేదు అన్న ప్రశ్నకు ఈ రేకు ద్వారా సమాధానం వెతకవచ్చు.

పరిశీలనకు తీసుకున్న ప్రాంతం ఖమ్మం మైదానం అడవిగా మారే చోటు నుంచి గోదావరి దాటి భద్రాచలం ఏజెన్సీ వరకు విస్తరించినది. ఇది పలు పాలనల చేతులు మారిన నేల. భద్రాచలం ప్రాంతం 1874లో మధ్యపరగణాల నుంచి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు బదిలీ అయింది. ఖమ్మం వైపు నైజాం రాజ్యంలోని వరంగల్ జిల్లాలో ఉండేది. 1953లో ఖమ్మం ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు తూర్పు గోదావరి నుంచి వచ్చి ఇందులో కలిశాయి. 2014లో పోలవరం ముంపు కారణంగా కూనవరం, చింతూరు, వర రామచంద్రపురం తదితర మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో కొత్తగూడెం కేంద్రంగా భద్రాద్రి జిల్లా ఏర్పడింది. ఈ మార్పులన్నిటి మధ్య మారనిది దూరం. ఊరికీ బడికీ, గూడేనికీ సంతకూ మధ్య అడవి ఉంది.

2. చైను బట్టను పట్టుకునే తీరు

కవరు ఎంపికను అర్థం చేసుకోవాలంటే ముందు ప్రమాదం ఎక్కడ ఉందో గుర్తించాలి. సైకిల్ చైను కుడివైపు ఉంటుంది. పెడళ్ల దగ్గరి పెద్ద పళ్లచక్రాన్ని, వెనుక చక్రానికి బిగించిన చిన్న ఫ్రీవీలును అది కలుపుతుంది. ముందుకు తొక్కినప్పుడు చైను పైవరుస బిగుతుగా వెనుక నుంచి ముందుకు వస్తుంది. అలా వచ్చిన చైను పెద్ద పళ్లచక్రం పైభాగంలో పళ్ల మీదికి ఎక్కుతుంది. బట్ట చిక్కుకునే ప్రధాన స్థానం అదే. చైను లింకుకూ పంటికీ మధ్య బట్ట అంచు ఒక్కసారి దూరితే, కాలు ఆగేలోగా మరో రెండు మూడు పళ్లు దాన్ని లోపలికి లాగుతాయి. చైనుకు పూసిన నూనె మసి బట్టకు అంటుతుంది; బలంగా లాగితే బట్ట చిరుగుతుంది; కాలు బిగుసుకుపోతే మనిషి పడిపోతాడు.

చిక్కిన బట్టను లాగకుండా పెడలును మెల్లగా వెనక్కి తిప్పితే చైను వెనక్కి జరిగి బట్టను వదులుతుంది. ఫ్రీవీలు ఉన్న సైకిల్‌లో ఇది సాధ్యమవుతుంది.

రెండో ప్రమాద స్థానం వెనుక చక్రపు ఊచలు. ఇక్కడ చైనుకు సంబంధం లేదు. వేలాడే బట్ట చెంగు గాలికి ఎగిరి ఊచల మధ్యకు పోతే చక్రంతోపాటు చుట్టుకుంటుంది. ఈ రెండింటి భేదం ముఖ్యమైనది. పంచె అంచు, ప్యాంటు అంచు, చీర కుచ్చిళ్లు, పరికిణీ అంచు కాలి దగ్గర ఉంటాయి కనుక వాటికి చైను భయం ఎక్కువ. పైట చెంగు, ఓణీ, చున్నీ వెనుకకు వేలాడతాయి కనుక వాటికి ఊచల భయం ఎక్కువ. తెలుగు స్త్రీలలో ఎక్కువమంది కట్టే పద్ధతిలో పైట ఎడమ భుజం మీదుగా వెనక్కి పోతుంది. చైను కుడివైపు ఉంటుంది. అందువల్ల చైన్ కవరు ఎంత మంచిదైనా పైట చెంగును కాపాడలేదు. దానికి వెనుక చక్రం మీద వల గానీ రేకు గానీ వేరుగా ఉండాలి.

3. రక్షణ రేకు పుట్టుక

మనకు తెలిసిన సైకిల్ రూపం 1880ల నాటిది. 1879లో హెచ్.జె. లాసన్ వెనుక చక్రాన్ని చైనుతో తిప్పే యంత్రానికి పేటెంటు పొందారు. 1880లో మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ బుష్ రోలర్ చైనును రూపొందించారు. నేటి సైకిల్ చైను దాని వారసురాలే. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన ‘రోవర్’ సైకిల్ రెండు సమాన చక్రాల రూపాన్ని స్థిరపరిచింది. 1888లో డన్లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాక సైకిల్ ప్రయాణం సుఖవంతమైంది.

పాత ఎత్తు సైకిల్‌లో పెడళ్లు ముందుచక్రానికే ఉండేవి. చైను లేదు, చైను భయమూ లేదు. కొత్త సైకిల్ మనిషిని నేలకు దగ్గర చేసి పడిపోయే ప్రమాదాన్ని తగ్గించింది. అయితే మనిషి కాలి పక్కనే నూనె పూసిన చైనును పెట్టింది. ఒక ప్రమాదాన్ని తొలగించిన యంత్రం మరో చిన్న ప్రమాదాన్ని తెచ్చింది. చైన్ కవరు దానికి సమాధానం.

ఆ కవరుకు మొదటి నుంచీ రెండు పనులున్నాయి. ఒకటి బట్టను చైను నుంచి కాపాడటం, రెండోది చైనును దుమ్ము నుంచి, బురద నుంచి కాపాడటం. వూల్వర్‌హాంప్టన్‌లో జాన్ మార్స్టన్ నడిపిన సన్‌బీమ్ సంస్థ సైకిళ్లలో చైను పూర్తిగా మూసిన పెట్టెలో నూనెలో తడుస్తూ తిరిగేది. ఖరీదైన ఆ ఏర్పాటును భరించగలవారు కొద్దిమందే. తర్వాత వచ్చిన పలుచని రేకు కవర్లు పైరూపంలో దాన్ని పోలినా, నూనె నిలిపే పనిని వదిలేశాయి.

అదే కాలంలో ఇంగ్లండులో స్త్రీల దుస్తుల మీద పెద్ద చర్చ సాగింది. 1881లో లండన్‌లో ఏర్పడిన రేషనల్ డ్రెస్ సొసైటీ బరువైన, కదలికకు అడ్డమైన దుస్తులను వదలాలని కోరింది. ఆ తర్వాతి దశాబ్దంలో సైకిల్ ఆ వాదానికి బలమైన ఆధారమైంది. సమాజం ముందు రెండు దారులు నిలిచాయి. స్త్రీ తన దుస్తులను మార్చుకోవాలి, లేదా తయారీదారు సైకిల్‌ను మార్చాలి. దుస్తులు మార్చుకున్న స్త్రీలు ఎగతాళికి గురయ్యారు. తయారీదారులు రెండో దారి పట్టారు. పై గొట్టాన్ని కిందికి వంచారు, చైనును మూశారు, వెనుక చక్రం మీద దారాలతో వల అల్లారు. ‘లేడీస్ సైకిల్’ అన్న వస్తువు ఇలా పుట్టింది. నెదర్లాండ్స్‌లో మూసిన చైను పెట్టె, వెనుక చక్రపు అడ్డు పురుషుల సైకిళ్లకు కూడా మామూలు భాగాలయ్యాయి. రోజూ వేసుకునే బట్టలతోనే సైకిల్ ఎక్కే అలవాటు అక్కడ అందరిదీ కావటం అందుకు కారణం.

4. ఖమ్మం - భద్రాచలం ప్రాంతానికి సైకిల్ రాక

వలస పాలనలో భారతదేశానికి సైకిళ్లు ఇంగ్లండు నుంచి దిగుమతి అయ్యేవి. స్వాతంత్ర్యం తర్వాత దేశంలోనే కర్మాగారాలు వెలిశాయి. 1949లో మద్రాసు సమీపంలో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనిపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సంస్థలు మొదలయ్యాయి. అవి తయారుచేసినది ప్రధానంగా ఇంగ్లండు రోడ్‌స్టర్ నమూనాయే: పెద్ద చక్రాలు, కడ్డీ బ్రేకులు, నల్ల రంగు, చైనుకు రేకు కవరు. ఆ నమూనాను మొదట రూపొందించినవారి మనసులో ఉన్నది ప్యాంటు వేసుకుని, గట్టి రోడ్డు మీద వెళ్లే మనిషి.

ఖమ్మం సరిహద్దులో ఆ యంత్రం ఎదుర్కొన్న నేల వేరు. ఇక్కడ చల్కా నేలలు, రేగడి నేలలు పక్కపక్కనే ఉంటాయి. వేసవిలో చల్కా దారి దుమ్ము రేపుతుంది; వానకాలంలో రేగడి బురద చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య గడ్డకట్టి సైకిల్‌ను నిలబెడుతుంది. గోదావరి దాటడానికి పడవే ఆధారంగా ఉన్న భద్రాచలానికి 1965లో వంతెన వచ్చింది. అంతవరకు రైలు ప్రయాణికులకు చివరి స్టేషను కొత్తగూడెం. ఊరి పేరు ఒకటైనా స్టేషను పేరు ‘భద్రాచలం రోడ్’. ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన కొండరెడ్ల అధ్యయనం వివరించిన పాపికొండల ప్రపంచం కాలిబాటలు, నదీమార్గాల మీద నడిచినది. అక్కడ చక్రానికి చోటు తక్కువ.

సైకిల్ అడవి అంచుకు రావటంలో బొగ్గు గనుల పాత్ర ముఖ్యమైనది. ఎల్లందు దగ్గర 1889 నాటికి తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. తర్వాత కొత్తగూడెం, మణుగూరు గనుల కేంద్రాలయ్యాయి. గని పని షిఫ్టుల్లో సాగుతుంది. బస్సు లేని వేళ షిఫ్టుకు చేరవలసిన కార్మికుడికి సైకిల్ అక్కరకు వచ్చింది. ఉపాధ్యాయుడు, తపాలా ఉద్యోగి, అటవీ శాఖ గార్డు, సంతలకు తిరిగే చిన్న వ్యాపారి కూడా దాని మీదే ఆధారపడ్డారు. ప్రజాజీవితంలోనూ అది నిరాడంబరతకు గుర్తుగా నిలిచింది. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లిన పుచ్చలపల్లి సుందరయ్య తెలుగువారందరికీ తెలుసు. ఈ ప్రాంతంలోనే ఎల్లందు నుంచి ఐదుసార్లు శాసనసభకు ఎన్నికైన గుమ్మడి నర్సయ్య సైకిల్ ప్రయాణం కూడా ప్రసిద్ధమే.

5. పురుషుడు: బట్టను సర్దుకున్న తీరు

ఈ ప్రాంతంలో పురుషుల వస్త్రధారణను సైకిల్ దృష్టితో చూస్తే మూడు స్థాయిలు కనిపిస్తాయి. గోచీ కట్టిన మనిషికి చైను భయం లేదు. కాలి దగ్గర బట్టే ఉండదు. కానీ గోచీ కట్టినవాడికి సైకిల్ కొనే స్తోమత ఉండటం అరుదు. రెండో స్థాయి ప్రభుత్వపు యూనిఫారం. ఖాకీ నిక్కరు వేసిన పోలీసుకు చైను అడ్డం కాలేదు. రాజ్యం తన ప్రతినిధిని యంత్రానికి అనువుగానే దుస్తులు తొడిగి పంపింది.

మూడో స్థాయిలోనే సమస్య ఉంది: పంచె, లుంగీ, ప్యాంటు. గోచీ పోసి కట్టిన పంచెలో ముందు కుచ్చిళ్లు పాదాల మధ్య వేలాడతాయి. అడ్డపంచెలో అంచు కాలి చుట్టూ తిరుగుతుంది. సైకిల్ ఎక్కేముందు కుడివైపు అంచును ఎత్తి నడుము దగ్గర దోపుకోవటం, లుంగీని మోకాళ్ల పైకి మడిచి కట్టటం పురుషులకు అలవాటు. ప్యాంటు వేసినవారు కుడికాలి అంచును రెండు మడతలు వేసేవారు, సాక్సులోకి దోపేవారు, లేదా ఉక్కు క్లిప్పుతో పట్టి ఉంచేవారు. 1970ల బెల్ బాటం ప్యాంట్లు వెడల్పాటి అంచులతో ఈ సమస్యను పెంచాయి.

ఈ పద్ధతులన్నిటిలో సామాన్య లక్షణం ఒకటుంది. యంత్రం మారలేదు, మనిషి తన బట్టను మార్చుకున్నాడు. ఖర్చు లేదు, క్షణంలో అయిపోయే పని. పంచె ఎగ్గట్టిన పురుషుడి పిక్క కనిపించటం ఊళ్లో ఎవరికీ అభ్యంతరం కాలేదు. అందువల్ల పురుషుడికి చైన్ కవరు ఉంటే మంచిది, లేకపోయినా సాగుతుంది అన్నట్లుగా మిగిలింది.

6. అడవి దారి: కవరు ఉండాలా, తీసేయాలా?

కొనుగోలుదారు ముందున్న రక్షణలు నాలుగు రకాలు. మొదటిది చైనును రెండు వైపులా మూసే పూర్తి కవరు. రెండోది చైను పైవరుసనూ పళ్లచక్రం బయటివైపునూ కప్పే అర కవరు. దాని ఆకారం హాకీ కర్రను పోలి ఉంటుంది. మూడోది పళ్లచక్రానికి బయటివైపు బిగించే గుండ్రని బిళ్ల. నాలుగోది సైకిల్‌కు కాక బట్టకు పెట్టే క్లిప్పు.

బట్ట రక్షణ ఒక్కటే కొలమానమైతే పూర్తి కవరుకు సాటి లేదు. అడవి దారి మరికొన్ని కొలమానాలను ముందుకు తెస్తుంది. వేర్లు, రాళ్లు, గుంతల మీద సైకిల్ అదిరినప్పుడు రేకును పట్టిన మరలు వదులవుతాయి. రేకు వంగి చైనుకు తగిలి మోత పెడుతుంది. పలుచని రేకు కవరు నీటిని పూర్తిగా ఆపదు. సందుల్లోంచి దూరిన బురద బయటికి పోయే దారి లేక లోపలే నిలిచి చైనును అరగదీస్తుంది. దుమ్మును ఆపటానికి పుట్టిన పెట్టె, మూత సరిగా లేనందువల్ల బురదను దాచే పెట్టెగా మారుతుంది.

అంతకన్నా ముఖ్యమైనది మరమ్మతు. పంక్చరుకు వెనుక చక్రం విప్పనక్కరలేదు. టైరు ఒక పక్క తీసి ట్యూబు బయటికి లాగి అతుకు వేయవచ్చు. కానీ టైరు మార్చాలన్నా, ఫ్రీవీలు మార్చాలన్నా చక్రం విప్పాలి. అప్పుడు పూర్తి కవరు వెనుక భాగాన్ని ముందుగా విప్పాలి. చైను వదులైనప్పుడు చక్రాన్ని వెనక్కి జరిపి బిగించటానికీ ఇదే ఇబ్బంది. ఇక దారి మధ్యలో చైను పళ్ల మీద నుంచి పడిపోతే? కవరు లేని సైకిల్ మీద వేళ్లకు మసి అంటించుకుని రెండు నిమిషాల్లో ఎక్కించుకోవచ్చు. అర కవరుతోనూ కింది నుంచి చేయి పెట్టి ఎక్కించవచ్చు. పూర్తి కవరులో చైను కంటికి కనిపించదు, వేలికి అందదు. సైకిల్ షాపు పక్క వీధిలో ఉన్న పట్టణంలో ఇది చిన్న విషయం. తర్వాతి ఊరు అడవి దాటి ఉన్నచోట మిగిలిన దూరమంతా సైకిల్‌ను నడిపించుకుంటూ పోవలసి వస్తుంది.

బరువు మోత మరో కారణం. కట్టెల మోపులు, వెదురు, వేసవిలో కోసే తునికాకు, ధాన్యపు బస్తాలు సైకిల్ మీద వెళ్తాయి. మోకులు, కర్రలు కట్టేచోట రేకు అడ్డం వస్తుంది. పైగా బరువు వేసిన సైకిల్‌ను చాలాసార్లు తొక్కరు, పక్కన నడుస్తూ నెడతారు. నెట్టేవాడి బట్టకు చైను భయం తక్కువ. ఈ కారణాలన్నీ కలిసినప్పుడు సైకిల్‌తో వచ్చిన కవరును ఊడదీసి అటక మీద పెట్టటం అజ్ఞానమనో నిర్లక్ష్యమనో అనలేం. మరమ్మతు సౌలభ్యానికీ బట్ట రక్షణకూ మధ్య పురుషుడు చేసిన లెక్క అది. ఆ లెక్కలో అతను గెలిచాడు. ఎందుకంటే బట్టను ఎగ్గట్టుకునే స్వేచ్ఛ అతనికి ఉంది.

7. స్త్రీలు, బాలికలు: లెక్క మారిన చోటు

అదే సైకిల్‌ను ఇంట్లోని ఆడపిల్ల ఎక్కినప్పుడు లెక్క తలకిందులవుతుంది. పరికిణీని మోకాళ్ల పైకి ఎత్తి దోపుకునే వెసులుబాటు సమాజం ఆమెకు ఇవ్వదు. పంచెకు దొరికిన పరిష్కారం పరికిణీకి దొరకదు. కుడివైపు పరికిణీ అంచు చైనులో, వెనుక ఓణీ చెంగు ఊచల్లో పడతాయన్న భయం నిజమైనదే. ఆ భయాన్ని ఆధారం చేసుకుని ‘ఆడపిల్లకు సైకిల్ ఎందుకు’ అన్న మాట కూడా పుట్టింది. యంత్రంలోని లోపం స్త్రీ అనర్హతగా పేరు మార్చుకుంది. 1890ల ఇంగ్లండులో జరిగినదీ ఇదే.

దక్షిణ భారతదేశంలో ఈ అడ్డంకి సామూహికంగా బద్దలైన సందర్భం తమిళనాడులోని పుదుక్కోట్టై అక్షరాస్యతా ఉద్యమం. 1990ల ఆరంభంలో అక్కడ వేలాది గ్రామీణ స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. పాలగుమ్మి సాయినాథ్ ఆ కథను దేశానికి చెప్పారు. లేడీస్ సైకిళ్లు చాలనప్పుడు వారు పురుషుల సైకిళ్లనే వాడారు. ముందు గొట్టం మీద పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకోవచ్చని వాటినే ఇష్టపడినవారూ ఉన్నారు. తయారీదారు నిర్ణయించిన ‘స్త్రీల సైకిల్’ స్త్రీల అవసరాలన్నిటినీ తీర్చదని ఇది చూపుతుంది.

తెలుగు ప్రాంతాల్లో పరికిణీ, ఓణీల స్థానంలోకి పంజాబీ డ్రస్సు బడి యూనిఫారంగా రావటం చైను సమస్యను కొంత తగ్గించింది. కాలి దగ్గర బిగుతుగా ఉండే పైజామాకు చైను భయం తక్కువ. అయితే చున్నీ రూపంలో ఊచల భయం మిగిలింది. చున్నీని వెనక్కి వదలకుండా నడుము చుట్టూ ముడివేయటం బాలికలు తమంతట తాము కనిపెట్టుకున్న పరిష్కారం.

దీని ప్రాముఖ్యం బడి దూరంలో ఉంది. 2009 విద్యాహక్కు చట్టం కింది నిబంధనల ప్రకారం ప్రాథమిక పాఠశాల ఒక కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. ఉన్నత పాఠశాలకు అదే కాలపు మాధ్యమిక విద్యా పథకం పెట్టుకున్న లక్ష్యం ఐదు కిలోమీటర్లు. అంటే ఎనిమిది నుంచి తొమ్మిదో తరగతికి వెళ్లేటప్పుడు దూరం ఒక్కసారిగా పెరుగుతుంది. బాలిక చదువు మానిపించే వయసూ అదే. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిల్ పథకం ప్రారంభించింది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆ పథకం వల్ల ఉన్నత పాఠశాలలో బాలికల నమోదు 32 శాతం పెరిగింది. బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గింది. బడి మూడు కిలోమీటర్లకు మించి ఉన్న గ్రామాల్లో ఫలితం మరింత బలంగా కనిపించింది. ఆంధ్రప్రదేశ్ కూడా ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు అందించింది. భద్రాచలం డివిజను నుంచి వెళ్లిన మండలాలు అప్పటికే ఆ రాష్ట్రంలో ఉన్నాయి.

ఇలాంటి పథకంలో వేల సైకిళ్లు ఒకే నమూనాలో కొంటారు. బాలిక బరువు మోయదు కనుక తండ్రికి కవరు తీసేయమని చెప్పిన కారణాల్లో ఒకటి ఆమెకు వర్తించదు. అడవి దారి మాత్రం ఇద్దరికీ ఒకటే. పూర్తి కవరు ఉన్న సైకిల్ మీద చైను పడిపోతే ఆమె బడికి ఆలస్యం. కవరు లేని సైకిల్ మీద బట్ట చిక్కితే ఆమె పడిపోవటమే కాదు, మర్నాటి నుంచి ఇంట్లోవారు సైకిల్ వద్దనటానికి కారణం దొరుకుతుంది. తండ్రి విషయంలో బట్ట చిరిగితే పోయేది ఒక పంచె. కూతురి విషయంలో పోయేది చదువు.

8. చట్టం, ప్రమాణాలు

బట్ట చిక్కుకునే ప్రమాదాన్ని భారతీయ చట్టం గుర్తించకపోలేదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం వెనుక మనిషి కూర్చునే వీలున్న మోటారు సైకిల్‌కు పట్టుకొనే పిడి, కాలు పెట్టుకొనే చోటుతోపాటు, బట్టలు చిక్కకుండా వెనుక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలి. జనం ‘శారీ గార్డు’ అని పిలిచే కడ్డీల వల వెనుక ఉన్న నియమం ఇదే. పక్కకు తిరిగి కూర్చున్న చీర కట్టిన స్త్రీని ఈ నియమం ఊహించింది. ఆమెను వెనుక కూర్చునే మనిషిగా ఊహించింది. తానే నడిపే సైకిల్‌కు ఈ నియమం వర్తించదు.

అంతర్జాతీయ సైకిల్ భద్రతా ప్రమాణం ఐ.ఎస్.ఓ. 4210లో పట్టణ, యువజన సైకిళ్లకు చైను రక్షణ ఉంది. బిళ్ల పెడితే అది పళ్లచక్రం వ్యాసం కన్నా కనీసం 10 మిల్లీమీటర్లు పెద్దదిగా ఉండాలి. కవరు పెడితే చైను పళ్ల మీదికి ఎక్కే చోటు నుంచి వెనక్కి కనీసం 25 మిల్లీమీటర్లు కప్పాలి. రెండో విభాగంలో గుర్తించిన ప్రధాన ప్రమాద స్థానానికే ఈ కొలతలు. పూర్తిగా మూసిన పెట్టె తప్పనిసరి కాదనీ, సరైన చోట పెట్టిన చిన్న రేకు చాలా పని చేయగలదనీ దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే ఈ ప్రమాణం ప్యాంటు అంచుకు సరిపోయినంతగా పరికిణీకి, ఓణీకి సరిపోదు. వెనుక చక్రం గురించి వేరుగా ఆలోచించాలి.

9. ముగింపు

2011 జనగణన నాటికి దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిల్ ఉంది. ఇంత విస్తృతంగా వాడే యంత్రంలో బట్టను కాపాడే భాగం తొక్కేవారి ఇష్టానికి వదిలేసిన అదనపు రేకుగానే మిగిలింది. ఖమ్మం - భద్రాచలం సరిహద్దు నేపథ్యంలో ఈ పరిశీలన నుంచి తేలే అంశాలు ఇవి.

1. చైన్ కవరు అవసరం బట్టను బట్టి, దారిని బట్టి, తొక్కేవారిని బట్టి మారుతుంది. ఒకే ఇంట్లో ఒకే సైకిల్‌కు తండ్రి కవరు తీసేయటం, కూతురికి కవరు కావలసి రావటం రెండూ సహేతుకమే.

2. పురుషుడు బట్టను ఎగ్గట్టుకోగలిగాడు కనుక యంత్రం మారవలసిన ఒత్తిడి రాలేదు. స్త్రీకి ఆ వెసులుబాటు లేకపోవటాన్ని సమాజం యంత్రపు లోపంగా కాక ఆమె పరిమితిగా చూసింది.

3. అడవి దారికి పూర్తి కవరు కన్నా, చైను పైవరుసనూ పళ్లచక్రాన్నీ కప్పుతూ కింది భాగం తెరిచి ఉంచే అర కవరు మేలు. పడిపోయిన చైనును చేత్తో ఎక్కించుకోవటానికి, బురద రాలిపోవటానికి అది వీలిస్తుంది.

4. ఓణీ, చున్నీ, పైట చెంగులను చైన్ కవరు కాపాడదు. బాలికలకు ఇచ్చే సైకిల్‌లో వెనుక చక్రం రెండు వైపులా వల లేదా అడ్డు చైన్ కవరుతో సమానంగా అవసరం.

5. ఏజెన్సీ మండలాలకు సైకిళ్లు కొనేటప్పుడు ఊరి సైకిల్ షాపులో దొరికే మరలతో బిగించగల రేకునే ఎంచుకోవాలి. ఒకసారి ఊడితే తిరిగి బిగించలేని కవరు మొదటి వానకాలం తర్వాత మిగలదు.

సైకిల్ ఇవ్వటంతో పథకం లెక్క పూర్తవుతుంది. తొమ్మిదో తరగతి బాలిక వానకాలంలోనూ అదే సైకిల్ మీద బడికి చేరినప్పుడే దాని ఫలితం పూర్తవుతుంది. ఈ రెండింటి మధ్య దూరంలో ఒక అడుగు పొడవైన రేకుకు కూడా పాత్ర ఉందని ఈ ప్రాంతపు అనుభవం సూచిస్తోంది.